స్టెప్నీకి ఏ తాళం? దొంగకు దొరక్కూడదు, మనకు మొండికేయకూడదు

స్టెప్నీ తాళం గురించి అడిగేవాళ్లు రెండు రకాలు. కొత్త బండి కొని, వెనక తలుపు మీద బిగించిన టైరు చూసి "దీన్ని ఎవడైనా రాత్రికి రాత్రి విప్పుకుపోతే?" అని టెన్షన్ పడేవాళ్లు మొదటి రకం. పంక్చర్ అయిన రోజు తాళంచెవి దొరక్క, దొరికినా తిరగక, ఈ తాళాన్ని ఎలా వదిలించుకోవాలిరా బాబూ అని వెతికేవాళ్లు రెండో రకం. మొదటి రకం వాళ్లు చేతికందిన తాళం కొనేస్తే, కొన్నాళ్లకు రెండో రకంలో తేలతారు.

ఇంటి తాళం రోజూ తీస్తాం, వేస్తాం. కాస్త మొరాయించినా అప్పుడే తెలిసిపోతుంది. స్టెప్నీ తాళాన్ని ఏళ్ల తరబడి ముట్టుకోం. ఆ కాలమంతా అది బండి బయటే ఉండి దుమ్ము, బురద, వాన అన్నీ తింటుంది. తీయాల్సిన రోజు వచ్చినప్పుడు మాత్రం వెంటనే తెరుచుకోవాలి, అదీ చీకట్లోనో వానలోనో. అందుకే గట్టిదనంలో కాస్త తక్కువైనా, తీయగానే తెరుచుకునే తాళానికే నా ఓటు. కింద చెప్పేదంతా ఆ లెక్కలోనే చదవండి.

## ముందు స్టెప్నీ ఎక్కడుందో చూడండి

తాళం రకాలు చూసే ముందు బండి చుట్టూ ఒకసారి తిరిగి రండి. సగం నిర్ణయం అక్కడే అయిపోతుంది.

డిక్కీలో కార్పెట్ కింద ఉంటే విడిగా తాళం అక్కర్లేదు. డిక్కీ తాళమే దాని తాళం. పైగా ఇలాంటి బళ్లలో చాలావాటికి వచ్చేది సన్నటి తాత్కాలిక చక్రం. గంటకు 80 కిలోమీటర్లు దాటొద్దని దాని మీదే రాసి ఉంటుంది. దాన్ని ఎత్తుకెళ్లాలనుకునే దొంగలు తక్కువ. ఈ కోవలోని వాళ్లు తాళం సంగతి వదిలేసి అందులో గాలి చూసుకోండి. ఆ సన్నటి చక్రాలకు మామూలుగా 60 పీఎస్‌ఐ దాకా గాలి కావాలి. చాలామంది మిగతా నాలుగింటికి పట్టినంతే పట్టించి వదిలేస్తారు.

జీపు తరహా బళ్లలో స్టెప్నీ వెనక తలుపు మీద ఉంటుంది. చాలావాటిలో దాన్ని పట్టి ఉంచేవి మూడు నట్లే. అవి బజారులో దొరికే వీల్ స్పానర్‌కు సరిపోయే నట్లు. వంగక్కర్లేదు, బండి కిందికి దూరక్కర్లేదు, నిలబడే విప్పేయొచ్చు. అందరికీ కనబడే స్టెప్నీ ఇదే, త్వరగా పోయేదీ ఇదే.

పికప్‌లు, ఏడుగురు కూర్చునే పెద్ద బళ్లలో కొన్నింటికి స్టెప్నీ వెనక భాగం అడుగున వేలాడుతుంది. బంపర్ దగ్గరో, వెనక తలుపు గడప దగ్గరో చిన్న రంధ్రం ఉంటుంది. అందులోంచి పొడవాటి రాడ్డు పెట్టి తిప్పితే లోపలి వించ్ (కేబుల్‌ను చుట్టే, వదిలే గిలక) తిరిగి, స్టీలు కేబుల్ మీద చక్రం కిందికి దిగుతుంది. కేబుల్ చివర ఒక అడ్డపట్టీ ఉంటుంది. రిమ్ము నడిమి రంధ్రంలోంచి దూరి చక్రాన్ని కింద నుంచి మోసేది అదే.

లారీలు, బస్సుల్లో చాసిస్ పక్కనో వెనకో ఇనప చట్రంలో ఉంటుంది. వాటి తాళాల సంగతి వేరు, చివర్లో రెండు ముక్కలు చెప్తాను.

## దేన్ని చూసి ఎంచుకోవాలి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది బలహీనమైన చోటు. తాళం ఎంత గట్టిదైనా దొంగ తాళం జోలికే రాకుండా పక్కనున్న సన్నటి కేబులో, బ్రాకెట్ బోల్టో తెంపి పట్టుకుపోగలిగితే ఆ తాళం అలంకారమే. కాబట్టి "ఇది ఎంత గట్టి తాళం?" అనుకునే ముందు "దీన్ని ముట్టుకోకుండా చక్రం ఊడదీయొచ్చా?" అని చూడండి.

రెండోది, తీసేది ఎవరు? ఇంట్లో ఆ బండిని ఇంకెవరైనా నడుపుతారా? వాళ్లకు తాళం ఉన్న సంగతి తెలుసా, తీయడం వచ్చా? పెద్ద ఎస్‌యూవీల పూర్తి సైజు చక్రాలు చాలావరకు పాతిక కిలోల పైమాటే. దాన్ని దించడమే ఒక పని. దానికి తోడు పొత్తికడుపు నేలకానించి పడుకుంటే తప్ప అందని తాళం ఉంటే ఆ మనిషి సహాయం కోసం ఎదురు చూడాల్సిందే. వెనక టైరే పంక్చర్ అయితే బండి ఆ వైపు కుంగి, అడుగున జాగా ఇంకా తగ్గిపోతుంది. షోరూములో బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉన్నప్పుడు అందిన తాళం అప్పుడు అందకపోవచ్చు.

మూడోది తాళంచెవి. పోతే మళ్లీ తెప్పించుకునే దారి ఉందా? డబ్బాలో ఆ చెవిని గుర్తుపట్టే కోడ్ ఉన్న కార్డు ఇస్తున్నారా? ఆ చెవి బండిలో ఉన్న వీల్ స్పానర్‌కు సరిపోతుందా? ఈ చివరి ప్రశ్న ఎవరూ వేయరు. లాక్ నట్టు (ప్రత్యేక చెవితో తప్ప విప్పలేని నట్టు, కింద చెప్తాను) చెవికి వెనకవైపు ఆరు పలకల తల ఉంటుంది. అది 19 మిల్లీమీటర్లో 21 మిల్లీమీటర్లో కావచ్చు. మీ స్పానర్ వేరే సైజుదైతే చేతిలో చెవి ఉండి కూడా తాళం తీయలేరు.

ఇక తుప్పు సంగతి. బయట వేలాడే తాళానికి చెవి రంధ్రం మీద రబ్బరు మూత ఉండాలి, ఉంటే సరిపోదు, అది మూసి ఉండాలి.

## లాక్ నట్లు

తలుపు మీది స్టెప్నీ ఉన్నవాళ్లకు నేను ముందుగా చెప్పేది ఇదే. ఉన్న మూడు నట్లలో ఒకటి తీసేసి దాని బదులు లాక్ నట్టు బిగిస్తారు, అంతే. దాని ముఖం మీద పలకలు ఉండవు. గుండ్రటి ముఖంలో వంకర టింకరగా ఒక పువ్వులాంటి గాడి ఉంటుంది. ఆ గాడికి అచ్చుగా సరిపోయే ముఖమున్న చిన్న ఇనప ముక్కే చెవి. చెవిని నట్టులో కూర్చోబెట్టి, దాని వెనక తలకు స్పానర్ తగిలించి తిప్పాలి. లోపల స్ప్రింగులు, పిన్నులు ఏవీ ఉండవు కాబట్టి దుమ్ముకు, నీటికి చెడిపోయేది దాదాపు ఏమీ లేదు. నాకు ఇది నచ్చడానికి అదే కారణం. గాడిలో మట్టి చేరితే పుల్లతో గీకేస్తే సరి.

వీటిలోనూ తేడాలున్నాయి. మామూలు లాక్ నట్టు బయటి గోడ నున్నగా ఉన్నా, అది నట్టుకు అతికే ఉంటుంది, విడిగా తిరగదు. కాస్త చిన్న సాకెట్‌ను సుత్తితో దాని మీదికి దిగ్గొట్టి తిప్పేస్తే వచ్చేసే ప్రమాదం ఉంది. బయట వదులుగా తిరిగే రింగు ఉన్న రకం మేలు. బయట దేన్ని పట్టి తిప్పినా ఆ రింగే గిరగిరా తిరుగుతుంది, నట్టు కదలదు. కాకపోతే ఈ రకం లావుగా ఉంటుంది. రిమ్ములో నట్టు కూర్చునే గుంత ఇరుకైతే పట్టదు. పైగా చెవి పోయిన రోజున మీ మెకానిక్కును కూడా ఆ రింగు అంతే ఏడిపిస్తుంది.

కొనేటప్పుడు మూడు కొలతలు సరిపోవాలి. స్టడ్ (నట్టు ఎక్కే మరల కడ్డీ) సైజు, థ్రెడ్, నట్టు కూర్చునే అంచు ఆకారం. ఎం12 × 1.5, ఎం12 × 1.25, ఎం14 × 1.5 (మొదటి అంకె స్టడ్ లావు, రెండోది మరల మధ్య దూరం, మిల్లీమీటర్లలో) చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయి, ఒకదాని మీద ఇంకొకటి ఎక్కదు. బలవంతంగా ఎక్కిస్తే స్టడ్ పోతుంది. అంచు కూడా కొన్ని రిమ్ములకు ఏటవాలుగా, కొన్నింటికి గుండ్రంగా, కొన్నింటికి చదునుగా ఉంటుంది. ఇంకో తిరకాసు ఏంటంటే, స్టెప్నీ బ్రాకెట్ మీద ఉండే స్టడ్‌లు కింద నాలుగు చక్రాల స్టడ్‌ల సైజులోనే ఉండాలని లేదు. బండి మోడల్ పేరు చెప్పి కొనేయకుండా, బ్రాకెట్ మీద ఉన్న నట్టునే విప్పి తీసుకెళ్లి సరిచూడండి.

నాలుగు చక్రాలకూ అల్లాయ్ రిమ్ములుంటే విడివిడిగా కొనకండి. ఐదు నట్ల సెట్లు వస్తాయి, అన్నిటికీ ఒకటే చెవి. చెవులు ఎన్ని ఎక్కువైతే పోయేవి అన్ని.

బిగించేటప్పుడు మామూలు నట్లు రెండూ ముందు బిగించి లాక్ నట్టు ఆఖరున బిగించండి. విప్పేటప్పుడు అదే మొదట రావాలి. చేతి స్పానర్ తప్ప ఎయిర్ గన్ తగలనివ్వకండి. గన్ దెబ్బకు ఆ సన్నటి గాడి అంచులు అరిగిపోతాయి, ఇక చెవి జారుతుంది. టైర్ల షాపులో బండి ఇచ్చినప్పుడు పక్కన నిలబడి ఈ మాట చెప్పాల్సిందే, కుర్రాళ్లు అలవాటు కొద్దీ గన్ ఎత్తేస్తారు. వచ్చేటప్పుడు చెవి తిరిగి తీసుకోవడం ఇంకా ముఖ్యం. లాక్ నట్టు చెవులు ఎక్కువగా పోయేది రోడ్డు మీద కాదు, సర్వీసు అయ్యాక.

## వించ్ రంధ్రానికి వేసే తాళం

అడుగున వేలాడే స్టెప్నీలకు కొన్ని కంపెనీలు బండితోనే ఇస్తాయి. రాడ్డు దూర్చే రంధ్రాన్ని మూసే చిన్న సిలిండర్ తాళం ఇది. ఫోర్డ్ ఎఫ్-150 లాంటి పికప్‌లలో కనబడేది ఈ రకమే. చెవితో దాన్ని బయటికి లాగితే తప్ప రాడ్డు లోపలికి పోదు, వించ్ తిరగదు.

తీయడం సులువు, నిలబడి తీయొచ్చు, వేరే పనిముట్టు అక్కర్లేదు. కానీ మొదట వేసుకున్న ప్రశ్న ఇక్కడ వేయండి. చక్రాన్ని మోస్తున్నది కేబుల్. దొంగ వించ్ తిప్పాలని ఏ రూలూ లేదు. కింద దూరి కేబుల్ తెంపితే చక్రం దానంతటదే పడుతుంది. కొత్త బళ్లలో కొన్నింటికి కేబుల్ తెగినా చక్రం పడిపోకుండా పట్టుకునే రెండో కొక్కెం ఉంటుంది, అదీ నడిచేటప్పుడు జారిపడకుండా పెట్టిన ఏర్పాటు, దొంగ కోసం పెట్టింది కాదు.

అయితే ఇది పనికిరానిదా? బండితో వచ్చి ఉంటే ఉంచుకోండి. మరేమీ లేని పక్క బండి దొంగకు సులువవుతుంది, అంతవరకు లాభమే. దీన్నే నమ్ముకుని, దీని కోసమే ప్రత్యేకంగా ఖర్చు పెట్టమని మాత్రం చెప్పను. ఈ సిలిండర్ ఉండేది సరిగ్గా వెనక చక్రాలు బురద చిమ్మే దారిలో. ఏడాదిపాటు ముట్టుకోకపోతే చెవి సగం దూరి ఆగిపోతుంది.

## అడుగున బిగించే క్లాంప్ తాళం

అడుగు స్టెప్నీకి అసలు జవాబు ఇదే. చాసిస్ అడ్డపట్టీకి ఒక బ్రాకెట్ బిగించి, అక్కడి నుంచి లావుపాటి బోల్టును రిమ్ము రంధ్రంలోంచి కిందికి దించుతారు. దాని చివర తాళం ఉన్న ప్లేటో, లాక్ నట్టో ఉంటుంది. కేబుల్ తెగినా చక్రం బ్రాకెట్‌కు వేలాడుతూనే ఉంటుంది, ఊడి రాదు.

భద్రతలో దీనికి ఎక్కువ మార్కులు వేయాల్సిందే. ఇబ్బందంతా తీయడంలో ఉంది. బండి కింద పడుకోవాలి, పైనుంచి మట్టి కళ్లలో పడుతుంది, తాళం ముఖం నేలవైపు. అందుకే ఈ రకం కొంటే బిగించిన చోటే, ఆ రోజే, మీ చేత్తో మీరే ఒకసారి పూర్తిగా విప్పి మళ్లీ బిగించి చూడండి. బిగించిన కుర్రాడు పిట్ గుంతలో నిలబడి బిగించి ఉంటాడు. మీకు రోడ్డు మీద ఆ గుంత ఉండదు.

వించ్‌తో చక్రాన్ని పూర్తిగా పైకి లాగి, చాలా బళ్లలో వినబడే "టక్ టక్" చప్పుడు వచ్చాకే ఈ తాళం వేయాలి. చక్రం ఇంకా వదులుగా ఉండగా బిగించేస్తే బరువంతా తాళం బోల్టు మీద పడి, గతుకుల్లో ఊగి ఊగి థ్రెడ్ తినేస్తుంది.

## గొలుసు, కేబుల్, తాళంకప్ప

ఏ బండికైనా పనికొస్తుంది, ఏ కొలతా చూడక్కర్లేదు, ఈ రోజు కొని ఈ రోజే వేసేయొచ్చు. అందుకే చాలామంది ఇక్కడికే వస్తారు. చాలామంది మోసపోయేదీ ఇక్కడే.

ప్లాస్టిక్ తొడుగు వేసిన అల్లిక కేబుల్ బొటనవేలంత లావు కనబడుతుంది. ఆ తొడుగు ఒలిస్తే లోపల ఉండే స్టీలు అందులో సగం కూడా ఉండకపోవచ్చు. సన్నటి తీగలు అల్లింది కాబట్టి చిన్న కట్టర్‌తో నాలుగు నాలుగు తీగలు చొప్పున కొరికేయొచ్చు. చప్పుడు కూడా రాదు. గట్టిపరిచిన ఉక్కు గొలుసు మేలు, కడియం మందం 10 మిల్లీమీటర్లు దాటితే చేతి కట్టర్లకు కష్టం. తాళంకప్పలో కొక్కెం బయటికి తక్కువ కనబడే రకం చూడండి, కట్టర్ దవడలు పట్టడానికి చోటు ఉండదు. తాళంకప్పలకు ఈఎన్ 12320 అనే యూరోపియన్ ప్రమాణం ఉంది, 1 నుంచి 6 దాకా గ్రేడ్లు. డబ్బా మీద ఆ అంకె ఉంటే పోల్చుకోవడం తేలిక.

వేసే పద్ధతి తాళం ఎంపికంత ముఖ్యం. గొలుసు పొట్టిగా, బిగుతుగా, నేలకు దూరంగా ఉండాలి. నేలకు వేలాడే గొలుసైతే కట్టర్ ఒక పిడిని నేల మీద ఆనించి రెండో పిడి మీద ఒళ్లంతా బరువేసి నొక్కొచ్చు. చుట్టేది చాసిస్‌కో, ఊడదీయలేని బ్రాకెట్‌కో చుట్టాలి. బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టం, వైర్లు, సైలెన్సర్ దగ్గరికి రానివ్వకూడదు. తలుపు మీది స్టెప్నీ మధ్యలో కెమెరా, బ్రేకు లైటు వైర్లు పోయే బళ్లున్నాయి, గొలుసు వాటిని నలిపేయకుండా చూసుకోండి. తాళంకప్ప చెవి రంధ్రం కిందికి ఉండేలా వేలాడదీస్తే నీరు నిలవదు. గొలుసుకు పాత రబ్బరు ట్యూబో, గొట్టమో తొడిగితే గలగల తగ్గుతుంది, రిమ్ముకు గీతలు పడవు.

తాళంకప్పలో నాకు నచ్చేది ఒకటుంది. అంతా చేజారిపోయినా, ఎంత తుప్పుపట్టినా, పక్క వర్క్‌షాపులో గ్రైండర్‌తో కోసేస్తే బండికి ఏ దెబ్బా తగలదు. లాక్ నట్టు, క్లాంప్ విషయంలో అంత తేలిగ్గా తప్పించుకోలేం.

## ఇంకా కొన్ని

బండి చెవికే తెరుచుకునే తాళాలు. బోల్ట్ (BOLT) అనే బ్రాండ్ పేరుతో ఒక రకం వస్తుంది. మొదటిసారి మీ బండి చెవి పెట్టి తిప్పినప్పుడు లోపలి పలకలు ఆ చెవి పళ్లకు తగ్గట్టు సర్దుకుని అలాగే ఉండిపోతాయి. ఇక వేరే చెవి అక్కర్లేదు. చెవి పోగొట్టుకునే అలవాటున్నవాళ్లకు ఇది వరమే. బటన్ స్టార్ట్ బళ్లవాళ్లు మాత్రం, రిమోట్‌లో దాగి ఉండే లోహపు చెవి దానికి పనిచేస్తుందో లేదో కొనే ముందే కనుక్కోవాలి. పనికిరాని తాళం ఒకసారి అచ్చుపడితే వెనక్కి ఇవ్వలేరు.

కవర్లు. రెగ్జిన్ కవర్ ఎండ నుంచి కాపాడుతుంది, లోపలి టైరు కొత్తదో పాతదో కనబడనివ్వదు. తాళం కాదు.

అలారం. బండి అలారం తలుపులు, అద్దాలకు మోగుతుంది. స్టెప్నీ నట్టు నెమ్మదిగా విప్పితే మోగాలని లేదు. మీ బండిలో వంపు పసిగట్టే సెన్సర్ ఉన్నా దాన్ని నమ్ముకుని తాళం మానేయకండి.

వెల్డింగు. నట్టుకు ఒక చుక్క వెల్డింగు పెట్టించేసేవాళ్లూ ఉన్నారు. ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది. టైరు ఎక్కించి ఉన్న రిమ్ముకు వెల్డింగు వేడి తగిలితే టైరు పేలే ప్రమాదం కూడా ఉంది. దొంగకు దొరకదు నిజమే, మీకూ దొరకదు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| తాళం | ఏ స్టెప్నీకి | దేనికి లొంగుతుంది | రోడ్డు మీద తీయడం | చెవి పోతే |
|---|---|---|---|---|
| మామూలు లాక్ నట్టు | తలుపు మీదిది | దిగ్గొట్టిన సాకెట్‌కు | నిలబడి, క్షణాల్లో | కోడ్‌తో తెప్పించొచ్చు, ఊడదీయొచ్చు |
| తిరిగే రింగు లాక్ నట్టు | తలుపు మీదిది, గుంత వెడల్పు ఉంటే | మామూలు పనిముట్లకు లొంగదు | నిలబడి, క్షణాల్లో | ఊడదీయడం బాగా కష్టం |
| వించ్ రంధ్రం తాళం | అడుగుది | కేబుల్ తెంపితే అంతే | నిలబడి, తుప్పు లేకపోతే | డ్రిల్ చేయాలి |
| క్లాంప్ తాళం | అడుగుది | గ్రైండర్‌కు | పడుకుని, మురికితో | కష్టం, పిట్ కావాలి |
| గట్టి గొలుసు, తాళంకప్ప | దేనికైనా | పెద్ద కట్టర్, గ్రైండర్ | చోటును బట్టి | కోసేయొచ్చు |
| అల్లిక కేబుల్ | దేనికైనా | చిన్న కట్టర్‌కే | సులువు | కోసేయొచ్చు |

చార్జింగ్ గ్రైండర్‌తో వచ్చిన దొంగ ముందు ఇందులో ఏదీ నిలవదు. తాళం చేసేదల్లా అతనికి టైమ్ పట్టేలా, చప్పుడయ్యేలా చేయడమే.

## ఎవరికి ఏది

రాత్రిళ్లు బండి వీధిలో పెట్టేవాళ్లు, తలుపు మీద స్టెప్నీ ఉంటే తిరిగే రింగు లాక్ నట్టు తీసుకోండి. బ్రాకెట్‌ను తలుపుకు పట్టే బోల్టులు చక్రం ఉండగా బయటికి కనబడుతున్నాయేమో కూడా చూడండి. కనబడితే దొంగ చక్రాన్ని బ్రాకెట్‌తో సహా దించుకుంటాడు. అప్పుడు ఒక పొట్టి గొలుసు కూడా వేయక తప్పదు.

గేటు లోపలో, కాపలా ఉన్న పార్కింగులోనో పెట్టేవాళ్లకు మామూలు లాక్ నట్టు చాలు. అంతకు మించి ఖర్చు దండగ.

అడుగున స్టెప్నీ ఉండి, ఊళ్లు తిరిగే బండి అయితే క్లాంప్ తాళమే. కానీ బండి నడిపేవాళ్లలో పెద్దవాళ్లో, నడుము నొప్పి ఉన్నవాళ్లో ఉంటే నేను క్లాంప్ వద్దంటాను. వాళ్లకు రంధ్రం తాళంతో పాటు పక్క నుంచి చెయ్యి పెడితే అందేలా వేసిన గొలుసు నయం. గట్టిదనం కొంచెం తగ్గుతుంది, అవసరానికి తెరుచుకుంటుంది.

బురదదారుల్లో, నదీతీరాల్లో, సముద్రం పక్కన తిరిగే బళ్లకు సిలిండర్ తాళాలు పెట్టకపోవడమే మంచిది. ఉప్పుగాలి వాటిని త్వరగా తినేస్తుంది. గాడి మాత్రమే ఉండే లాక్ నట్టు అక్కడ ఎక్కువ కాలం బతుకుతుంది.

చాలామంది డ్రైవర్లు చేతులు మారే బండికి కోడ్ తాళంకప్ప, అంటే అంకెలు తిప్పి తీసేది, కాస్త బలహీనమైనా పనికొస్తుంది. ఒకరి జేబులో చెవి ఉండి ఇంకొకరు రోడ్డు మీద ఉండటం కన్నా అది మేలు. లారీలకు చట్రం మీదుగా మడిచే ఇనప అడ్డపట్టీ, దానికి మందపాటి తాళంకప్ప పెట్టించుకోవడం సరైన పద్ధతి. అంత బరువున్న చక్రానికి సన్నటి గొలుసు ఆనదు.

## చెవి, తాళం బాగోగులు

చెవి ఎక్కడ పెట్టాలి? జాకీ, వీల్ స్పానర్‌తో ఒకే సంచిలో పెట్టండి. డాష్‌బోర్డు అరలో పెడితే కాగితాల కింద పోతుంది, ఇంట్లో పెడితే ఇంట్లోనే ఉంటుంది. కోడ్ కార్డు మాత్రం బండిలో ఉంచకండి. ఫోటో తీసి ఫోన్‌లో దాచుకుని, కార్డు ఇంట్లో పెట్టుకోండి.

సిలిండర్ తాళాల్లో ఇంజన్ ఆయిల్, గ్రీజు పోయకండి. కొన్నాళ్లు బాగానే తిరుగుతుంది, తర్వాత ఆ జిడ్డుకు దుమ్ము అంటుకుని పేస్టులా గట్టిపడుతుంది. గ్రాఫైట్ పొడి గానీ, ఆరిపోయే రకం లూబ్రికెంట్ గానీ వాడాలి. ఏడాదికి రెండుసార్లు తాళం పూర్తిగా తీసి వేయండి. తీసినప్పుడే స్టెప్నీలో గాలి చూడండి, టైరు వయసూ చూడండి. టైరు పక్కన డాట్ కోడ్ చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం చెప్తాయి. 2319 అంటే 2019లో 23వ వారం. అరుగుదల లేకపోయినా ఏళ్లు గడిచిన రబ్బరు పగుళ్లిస్తుంది.

## తాళం మొండికేస్తే

ఇప్పుడు రెండో రకం పాఠకుల సంగతి. రోడ్డు మీద ఒక్క నియమం గుర్తుంచుకుంటే సగం కష్టం తప్పుతుంది. బండికి జాకీ పెట్టకముందే స్టెప్నీ తాళం తీయండి, చక్రం కిందికి దించి పెట్టుకోండి. పంక్చర్ చక్రం ఊడదీసి బండిని జాకీ మీద నిలబెట్టాక స్టెప్నీ రాదని తెలిస్తే, ఆ టెన్షన్ మామూలుగా ఉండదు.

చెవి ఉంది, తిరగట్లేదు అంటే ముందు తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఆగండి. వెంటనే బలం వాడితే చెవి లోపలే విరుగుతుంది. పావుగంట ఆగి, సుత్తితో మెల్లగా అటూ ఇటూ తట్టి, మళ్లీ కొంచెం స్ప్రే కొట్టి చూడండి. లాక్ నట్టు అయితే గాడిలోని మట్టి మొత్తం తీసి, చెవిని చిన్నగా తట్టి అడుగుదాకా కూర్చోబెట్టాకే తిప్పండి. సగం కూర్చున్న చెవితో తిప్పితే గాడి చెడుతుంది. నిప్పుతో వేడి చేయడం మాత్రం వద్దు, గాలి ఉన్న టైరు పక్కన మంట పెట్టడం ప్రాణాలతో ఆట.

చెవే లేకపోతే దారులు మూడు. తొందర లేకపోతే, కోడ్ ఉంటే, తయారీదారు దగ్గర కొత్త చెవి తెప్పించుకోవడం అన్నిటికన్నా చవక, బండికి గీత కూడా పడదు. కోడ్ లేకపోయినా సర్వీసు సెంటర్‌కు వెళ్లి అడగండి. కంపెనీ బిగించిన లాక్ నట్లకు వాళ్ల దగ్గర చెవుల సెట్టు ఉండొచ్చు, అందులో మీది కలిసే అవకాశం బాగానే ఉంటుంది. తొందరుంటే ఎక్స్‌ట్రాక్టర్ సాకెట్. లోపల వ్యతిరేక దిశలో మెలి తిరిగిన పళ్లుంటాయి, నట్టు మీద కొట్టి విప్పే దిశలో తిప్పితే పళ్లు ఇంకా లోతుగా కరుచుకుంటాయి. నట్టు పాడవుతుంది, స్టడ్ సాధారణంగా బతుకుతుంది. తిరిగే రింగు ఉంటే ముందు ఆ రింగును పగలగొట్టాలి, అది తెలిసిన చేతికి ఇవ్వాల్సిన పని. ఇది కూడా కుదరకపోతే మిగిలేది డ్రిల్లింగే. సిలిండర్ తాళాలకు అది మామూలు పనే గానీ, లాక్ నట్టును డ్రిల్ చేస్తే స్టడ్ కూడా పోయే అవకాశం ఎక్కువ.

ఏ దారిలో తీసినా కొత్త తాళం బిగించే ముందు ఒక మామూలు నట్టును స్టడ్ మీద పెట్టి చేత్తోనే తిప్పండి. చివరిదాకా సాఫీగా పోతే ఫర్వాలేదు. మధ్యలో పట్టేస్తే స్టడ్ మార్పించాకే తాళం కొనండి.